మెడలోపలి మసి

అక్టోబర్ 1, బుధవారం

విత్తనాల కొట్టువాడు ఊరికే ఇచ్చిన డైరీ ఇది. జనవరి నుంచి బోసిగా పడి ఉంది. ఇవాళ్టికి దీనికో పని దొరికింది.

తీర్మానం! ఈ సీజన్‌కి నేను చేసే తూటాల్లో ఒక్కదాని మెడ కూడా పొడిగా ఉండదు!!

రేపెప్పుడైనా ఈ డైరీ ఎవరి చేతైనా పడితే తెలియాలి కాబట్టి రాస్తున్నాను. నా పేరు ఓరిన్ ట్వైట్. కౌంటీ రోడ్లు చదును చేసే గ్రేడర్ బండి తోలుతాను. పేలిన తూటాలో ఇత్తడి గొట్టం మిగులుతుంది కదా, దాన్ని పారేసేవాడు పట్నంవాడు. మేం దాన్ని గ్యారేజీలో ప్రెస్‌కి పెట్టి, కొలతకు తెచ్చి, మళ్ళీ మందు పోసి కొత్త గుండు కూర్చుకుంటాం. ప్రెస్ అచ్చులో ఒక ఉక్కు గోళీ ఉంటుంది. అది గొట్టం మెడలోంచి, అంటే గుండు కూర్చునే సన్నటి మూతిలోంచి, బయటికి వచ్చేటప్పుడు లోపల జారుడుగా లేకపోతే మెడను పట్టుకుని లాగేస్తుంది. మెడతోపాటు కింద భుజం కూడా వెంట్రుకవాసి సాగుతుంది. మన కంటికి ఆనదు. రైఫిల్‌కి ఆనుతుంది. తూటా పూర్తిగా లోపలికి దిగక తుపాకీ లీవర్ మూసుకోదు.

పోయినేడు మా ఆవిడ ఆర్డిత్‌కి అదే అయింది. జింక ఎదురుగా నిలబడింది. లీవర్ మూసుకోలేదు. జింక మా ఇద్దర్నీ తీరిగ్గా చూసి వెళ్ళిపోయింది. మీ నాన్న రైఫిల్ ముసలిదైపోయింది అన్నాను. "ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట" అంది. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. ఆ ప్రయాణం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఈ ఏడు జింక కాదు. మగ ఎల్క్. చెట్టంత కొమ్ములున్న దుప్పి! మా కొండల్లో దానికి పర్మిట్ లాటరీలో రావాలి. పదిహేనేళ్ళుగా దరఖాస్తు పెడుతుంటే ఇప్పటికి ఆర్డిత్ పేరు వచ్చింది. నక్క తోక తొక్కింది. ఈ జన్మకి మళ్ళీ వస్తుందని ఆశ లేదు. ఆ పాత రైఫిల్‌కి సరిపడే తూటాలు కొట్లలో దొరకవు, ఎవరో ఒకరు ఇంట్లో చేయాల్సిందే. పెళ్ళయినప్పటి నుంచీ చేస్తున్నది నేను. నిన్న భోజనాల దగ్గర ఆవిడ మాంసం రొట్టె కోస్తూ చల్లగా అంది: "సీజన్ తెరిచే ముందు రోజు నీ తూటాలన్నీ పెట్టి చూస్తాను ఓరిన్. మూసుకోకపోతే లైల్‌ని అడుగుతాను."

లైల్ ఆవిడ తమ్ముడు. పక్క పొలమే. వాళ్ళ నాన్న రైఫిల్ అక్కకి వచ్చింది, అచ్చులు తమ్ముడికి వెళ్ళాయి. లైల్ చేసిన తూటా పెట్టుకుని మా ఆవిడ ఎల్క్ వేటకి వెళ్ళడమా! అంతకంటే గ్రేడర్ కింద తల పెట్టడం నయం.

నియమాలు:
ప్రతి మెడలోనూ బ్రష్ పెట్టి జారుడుకి నల్లటి గ్రాఫైట్ పొడి పూయాలి. ప్రతి మెడలోనూ.
తొందర కూడదు.
"చాల్లే" అనే మాట ఈ గ్యారేజీలో వినబడకూడదు.
ప్రెస్ కీచుమంటే ఆపేయాలి.

అక్టోబర్ 2, గురువారం

కొత్త కడిగే యంత్రం వచ్చింది! నీళ్ళు, సబ్బు, లోపల సన్నటి ఉక్కు పుల్లలు. ఖాళీ గొట్టాలు వేసి తిప్పితే పెళ్ళివారి బిందెల్లా మెరుస్తూ బయటపడ్డాయి. మెడ లోపల కూడా! ఇన్నేళ్ళ మసి! చుక్క మిగల్లేదు.

లైల్ వచ్చాడు. కాఫీ పోయకముందే కుర్చీ లాక్కున్నాడు.

"పెళ్ళికి తీసుకెళ్తున్నావా బావా వీటిని?"

"చూడు, లోపల చూడు. అద్దం!"

ఒకటి తీసి కన్ను పెట్టి చూశాడు. "మసంతా పోయిందే" అన్నాడు. ఇంకేదో అనబోయి నోరు తెరిచాడు. నేను ఇంకోటి చూపించాను. తర్వాత ఇంకోటి. నోరు మూసుకుని, కాఫీ తాగి, ఈల వేసుకుంటూ పోయాడు. కుళ్ళు.

అక్టోబర్ 4, శనివారం

మహత్తరమైన రోజు. పొద్దుటే కూర్చున్నాను. బ్రష్‌ని నల్ల పొడిలో ముంచడం, మెడలో పెట్టి రెండుసార్లు తిప్పడం, తుడవడం. అచ్చులో నెట్టి వెనక్కి లాగితే వెన్నలోంచి వేలు తీసినట్టు వచ్చింది. చప్పుడే లేదు. ఇది పని కాదు, ధ్యానం. ఇన్నేళ్ళూ ఎందుకు తొందరపడ్డానో అర్థం కావట్లేదు. మనిషికి ఓపిక ఉంటే ఎల్క్ తనే వచ్చి నిలబడుతుంది.

సాయంత్రం ఆర్డిత్: "ఓరిన్, వెన్న గిన్నె మీద ఆ నల్ల వేళ్ళు ఎవరివి?"

అక్టోబర్ 5, ఆదివారం

నల్ల వేళ్ళు ఇంకా ఎక్కడెక్కడ దొరికాయంటే: ఫ్రిజ్ తలుపు, చర్చికి వేసుకునే నా తెల్ల చొక్కా, ఫోను, ఆర్డిత్ కుట్టుకుంటున్న దుప్పటి అంచు, గ్రేవీ ఎడమ చెవి. గ్రేవీ మా కుక్క. నిన్నటిదాకా తెల్ల కుక్క.

"మూడు రోజుల ముచ్చటకి ఇల్లంతా మసి" అంది ఆర్డిత్.

మూడు రోజుల ముచ్చట కాదు. చూస్తుంది కదా.

అక్టోబర్ 6, సోమవారం

వంతెన దాటాక రోడ్డు కోసుకుపోయింది. పొద్దంతా గ్రేడర్ మీదే. నడుము విరిగింది. ఇంటికొచ్చి ఐదు గొట్టాలు చేశాను. ఐదే, కానీ ఎలాంటివి! ఎన్ని అన్నది కాదు ముఖ్యం.

అక్టోబర్ 7, మంగళవారం

రెండు. కానీ ఎలాంటివి!

అక్టోబర్ 9, గురువారం

గ్రాఫైట్ ఇంట్లో కనబడితే నేను ఇంట్లో కనబడనని ఆర్డిత్ హెచ్చరిక. నల్ల పొడికి స్వస్తి. దీన్ని ఓటమి అనరు, మెరుగుదల అంటారు. చిన్న డబ్బాలో మైనం ఉంది, అదీ మెడకి పనికొస్తుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లతో కొద్దిగా అద్ది తిప్పితే సరి. శుభ్రం! నల్ల మరకలు లేవు. ముందే ఎందుకు తట్టలేదో!

అక్టోబర్ 10, శుక్రవారం

పొద్దున ఆర్డిత్ తల మీద తువ్వాలుతో స్నానాలగదిలోంచి: "నా చెవి పుల్లలేవీ?"

నిమ్మకు నీరెత్తినట్టు కాఫీ తాగుతున్నాను.

"ఓరిన్! డబ్బా నిండా ఉండాలి! చెవిలో నీళ్ళు పోయాయి నాకు!"

"ఎల్క్ కోసమే కదా ఆర్డిత్."

"ఎల్క్ చప్పుడు వినడానికి నాకు చెవి ఉండాలా వద్దా?"

 పుల్లలు కొనడానికి ఊళ్ళోకి వెళ్ళాను. కొట్లో పులుసు మాంసం వాసన వచ్చి అక్కడే తినేశాను. పనేం జరగలేదు. దారిలో మంచు కారణం.

అక్టోబర్ 12, ఆదివారం

గొప్ప ఆలోచన. ఒక్కొక్క మెడ ఎందుకు? అన్నిటినీ పళ్ళెంలో నిలబెట్టి నూనె స్ప్రే కొడితే పైనా లోపలా ఒకేసారి అయిపోతుంది. నిమిషంలో పని! ప్రతి మెడకీ నూనె అందింది కాబట్టి నియమం తప్పినట్టు కాదు.

అక్టోబర్ 13, సోమవారం

నూనె ఎక్కువైంది. పోవడానికి చోటు లేక అచ్చులో ఆ నూనే ఇత్తడిని నొక్కేసింది. ఆరింటి భుజాలకి సొట్టలు. పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టయింది నా పని.

లైల్ వచ్చాడు. ఈ మనిషికి నా సొట్టల వాసన ఎలా తెలుస్తుందో!

"బావా, వీటికి కూడా నీకులాగే గూని వచ్చిందే."

"కాఫీ అయిపోయింది లైల్."

"అక్క పోస్తుందిలే."

పోసింది. పైగా ఆపిల్ పై కూడా పెట్టింది. ఇద్దరూ వంటింట్లో ఏదో గుసగుసలాడారు. లైల్ వెళ్తూ వెళ్తూ "ఇరవై చాలా అక్కా?" అనడం నా చెవిన పడింది. ఇరవై ఏమిటి? గుడ్లా? గుడ్లే అయి ఉంటాయి.

అక్టోబర్ 14, మంగళవారం

గుడ్లు కావు. వాడికి కోళ్ళే లేవు.

మళ్ళీ దూది పుల్ల. మళ్ళీ ఒక్కొక్కటీ. పట్టుదల!

అక్టోబర్ 16, గురువారం

పట్టుదల మంచిదే, కానీ బుర్ర కూడా వాడాలి. ఇవాళ కనిపెట్టాను: ఒక మెడకి మైనం పూస్తే అందులో కొంత గోళీకి అంటుకుంటుంది. ఆ మైనమే తర్వాతి మెడకి సరిపోతుంది. అంటే ఒకటి విడిచి ఒకటి పూస్తే చాలు. (చాలు అని రాశాను. చాల్లే అని కాదు.)

సాయంత్రానికి రెండు విడిచి ఒకటి.

ఇంకాసేపటికి ఐదు విడిచి ఒకటి. శాస్త్రం ప్రకారం తప్పేమీ లేదు.

గోళీ కీచుమంది. వంటింట్లోంచి ఆర్డిత్: "ఏమిటా కీచుకీచు? ఎలుకా?"

"ఆఁ. ఎలుకే."

అక్టోబర్ 17, శుక్రవారం

ఆర్డిత్ ప్రెస్ బల్ల కింద తగిలితే టప్పున కొట్టే ఎలుకల బోను పెట్టింది. జున్ను ముక్కతో సహా. నాకు చెప్పలేదు.

నాకు చెప్పులేసుకునే అలవాటు లేదు.

బొటనవేలు నల్లబడింది. ఇంట్లో గ్రాఫైట్ లేకుండానే.

"ఎలుక పడిందా?" అని అడిగింది. ముఖంలో ఒక్క నవ్వు గీత లేదు. అదే అనుమానంగా ఉంది.

అక్టోబర్ 18, శనివారం

ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు.

ఇవాళ మళ్ళీ మొదటి రోజులా కూర్చున్నాను. ప్రతి మెడకీ లోపల శ్రద్ధగా పూశాను. ఒక్కటి కూడా విడవలేదు. అచ్చులో పెట్టి ప్రెస్ లీవర్ నొక్కాను. లోపలికి వెళ్ళింది. వెనక్కి రాలేదు. బలంగా లాగాను. గొట్టం అడుగు అంచు చిరిగి చేతికొచ్చింది. మిగతా గొట్టమంతా అచ్చులో ఇరుక్కుపోయింది.

మెడ లోపల పూసే ధ్యాసలో గొట్టం ఒంటి మీద పూయడం మరిచిపోయాను! పైన నూనె లేకపోతే గొట్టం అచ్చులో బిగుసుకుంటుందని పసిపిల్లలకి కూడా తెలుసు. నాకు పాతికేళ్ళప్పుడే తెలుసు.

డ్రిల్లు పెట్టాను. బోల్టు పెట్టాను. సుత్తి పెట్టాను. అచ్చు గీసుకుపోయింది. ఈ కాలిబర్ అచ్చు ఈ చుట్టుపక్కల ఇంకొక్కరి దగ్గరే ఉంది.

ఎవరి దగ్గరో రాయను.

అక్టోబర్ 19, ఆదివారం

లైల్ దగ్గరికి వెళ్ళాను.

తలుపు తీసి నా ముఖం చూడగానే "ఇరుక్కుందా?" అన్నాడు. ఆర్డిత్ ఫోన్ చేసి ఉంటుంది. లేకపోతే నా సుత్తి చప్పుడు పొలం దాటి వినబడి ఉంటుంది.

అచ్చు ఇచ్చాడు. ఊరికే ఇస్తాడా!

"బావా, నాన్న జన్మలో ఎప్పుడూ మెడ లోపల కడిగిన పాపాన పోలేదు. పేలినప్పుడు లోపల మసి పడుతుంది చూడు, అదే సగం జారుడు. పైపైన తుడిచి, కాస్త ఏదో అద్ది నొక్కేవాడు. నువ్వేమో యంత్రం కొని మరీ ఆ మసి వదలగొట్టావు. వట్టి ఇత్తడి గోళీని పట్టుకోక ఏం చేస్తుంది? తర్వాత ఏం చేశావు? నల్ల పొడి కొని మళ్ళీ మసి పూశావు! మసి పూసి మారేడుకాయ చేసేవాళ్ళని చూశాను గానీ, ఉన్న మసి కడిగి మళ్ళీ మసి పూసేవాణ్ణి నిన్నే చూశాను."

"ముందే చెప్పి చావచ్చు కదరా!"

"చెప్దామనే ఆ రోజు నోరు తెరిచాను. నువ్వు ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు చూపిస్తుంటివి."

ఇదంతా నాకు ముందే తెలుసు. వాడి నోట వినాలనే ఊరుకున్నాను.

ఏడుపొస్తోంది.

అక్టోబర్ 21, మంగళవారం

లైల్ అచ్చుతో మిగతావి చేస్తున్నాను. పూసినవి ఏవో పూయనివి ఏవో కలిసిపోయాయి. అన్నీ మెరుస్తున్నాయి, ఏం తెలుస్తుంది! కీచుమన్నప్పుడల్లా రేడియో గొంతు పెంచాను. గ్రేవీ గ్యారేజీలోకి రావడం మానేసింది.

అక్టోబర్ 22, బుధవారం

లోపలి మైనం తుడిచి, మందు పోసి, గుండ్లు కూర్చాను. తూకం దగ్గర మాత్రం తొందరపడలేదు, అక్కడ ఆటలాడితే మనిషి మిగలడు. ఇరవై తూటాలు. చూడటానికి దేవతల్లా ఉన్నాయి.

నాలుగింటి మెడలు కొంచెం పొడుగ్గా కనిపిస్తున్నాయి. దీపం నీడ అయి ఉంటుంది.

అక్టోబర్ 24, శుక్రవారం

పరీక్ష. కొట్టం వెనక, మట్టి గట్టు వైపు మూతి పెట్టి, ఆర్డిత్ ఒక్కో తూటా రైఫిల్‌లో పెట్టి లీవర్ మూస్తోంది. నేను పక్కన నిలబడి గట్టు మీది గడ్డి చూస్తున్నాను.

మొదటిది మూసుకుంది. టక్. రెండోది, మూడోది టక్ టక్. నేనేమైనా అన్నానా? అనలేదు. కానీ ఛాతీ ఉబ్బింది.

నాలుగోది మూసుకోలేదు.

ఐదోదీ అంతే.

ఆవిడ తీసి కుడి పక్కన పెట్టింది. మూసుకున్నవి ఎడమ పక్కన. కుడి పక్క గుంపు పెరుగుతూనే ఉంది. చివరికి ఎడమ పక్కన ఏడు మిగిలాయి. అవన్నీ బహుశా ఆ మొదటి శనివారం, ధ్యానం రోజువి. ఏమో.

"చలికి బిగుసుకున్నాయేమో" అన్నాను.

ఆవిడ ఏడూ జేబులో వేసుకుని ఇంట్లోకి వెళ్ళింది. అదే మౌనం. పోయినేటి ప్రయాణంలోది.

సాయంత్రం లైల్ వచ్చి ఒక డబ్బా ఇచ్చి వెళ్ళాడు. ఇరవై. గోధుమరంగు, మెరుపు లేని, మసి పట్టిన మెడలు. కాఫీ కూడా అడగలేదు. జాలిపడ్డాడన్నమాట. లైల్ నా మీద జాలిపడ్డాడు! ఇంతకంటే కావలసిందేముంది.



అక్టోబర్ 25, శనివారం. సీజన్ మొదలు

తడి బట్టలైనా మార్చుకోలేదు. అయినా రాయాలి.

పొద్దున చీకట్లోనే లేచాం. ట్రక్కులో మా ఇద్దరి మధ్యా లైల్ డబ్బా. దాన్ని చూడకుండా ఉండటానికి రోడ్డు చూస్తూ నడిపాను, అసలు అలాగే నడపాలనుకోండి. కొండ కింద ఆపాను. ఆర్డిత్ అటు తిరిగి తూటాలు నింపుకుంది. ఏవి నింపిందో నాకు కనబడలేదు.

మోకాలి లోతు మంచు. పైన్ చెట్ల అంచున తెల్లారేసరికి కూర్చున్నాం. అప్పుడు వచ్చింది. చెట్లలోంచి ముందు కొమ్ములు, వాటి వెనక నెమ్మదిగా దుప్పి. మా పదిహేనేళ్ళ ఎదురుచూపు నిలబడి చూస్తోంది మమ్మల్ని! ఆర్డిత్ లీవర్ మూసింది.

టక్.

ఇంత చక్కటి చప్పుడు నా బతుకులో వినలేదు. ఆ తర్వాత పేలింది. దుప్పి నాలుగడుగులు వేసి, ఒరిగి, పడిపోయింది. ఆర్డిత్ రెండో తూటా కోసం లీవర్ లాగింది. ఖాళీ గొట్టం ఎగిరి మంచులో పడింది.

ఆవిడ లేచి దుప్పి వైపు నడుస్తోంది. నేను మంచులో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వుతున్నాను.

"ఓరిన్! దుప్పి అటుంది!"

"తెలుసు."

"ఏం వెతుకుతున్నావు?"

దొరికింది. అరచేతిలో పెట్టుకుని మంచు దులిపాను.

మెరిసింది!! అద్దంలా! లైల్ గోధుమరంగుది కాదు. నాది! నేను కడిగిందే! ఆ దిక్కుమాలిన యంత్రంలో నేను తిప్పిందే! మంచులో కూర్చుని ఏడ్చాను. రాయడానికి సిగ్గేం లేదు.

దుప్పి పక్కన కత్తి పదును పెట్టుకుంటూ ఉంది ఆర్డిత్. కళ్ళు తడిగానే ఉన్నాయి.

"నావి ఎందుకు పెట్టావు?" అన్నాను.

"నీ ఏడు తూటాలూ పెట్టి చూశాను కదా. లైల్‌వి చూడలేదు" అంది. "కాలు పట్టుకో."

అంతే. ఇంకే కారణమూ చెప్పలేదు. వేరే కారణం ఉందని నేను అనుకుంటున్నాను. అనుకోవద్దని ఎవరూ అనలేదు కదా.

మధ్యాహ్నం లైల్ గుర్రాన్ని తెచ్చాడు మాంసం దింపడానికి. దుప్పి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఎవరి తూటా అక్కా?"

"దుప్పినే అడుగు" అంది.

నేను జేబులోంచి గొట్టం తీసి ఎండలో పెట్టాను. దాని వెలుగు వాడి ముఖం మీద పడేదాకా తిప్పాను.

నవంబర్ 2, ఆదివారం

ఫ్రీజర్ మూత పడట్లేదు, దాని మీద గ్రేవీని కూర్చోబెట్టాం. కాలేయం ఉల్లిపాయలతో వేయించింది ఆర్డిత్. లైల్ కూడా తిన్నాడు, రెండుసార్లు.

భోజనమయ్యాక ఆవిడ ఆ ఖాళీ గొట్టం నా పళ్ళెం పక్కన పెట్టింది. పైన తళతళ. మెడలో వేలు పెట్టి చూశాను. నల్లగా వచ్చింది. ఒక్క పేలుడుకే కొత్త మసి.

"దీన్ని మాత్రం కడగకు" అంది.

కడిగే యంత్రం అమ్మకానికి పెట్టాను. లైల్ కొంటానన్నాడు, చేపల గాలాలు కడుగుతాడట. వాడి ఇష్టం.

తీర్మానం! వచ్చే ఏడు జింకల సీజన్‌కి నేను చేసే తూటాల్లో ఒక్కదాని మెడ కూడా పొడిగా ఉండదు!! మసి కడగను. ఉన్న మసి మీదే కొద్దిగా మైనం. ప్రతి మెడకీ. ఒంటికి కూడా. తొందర అసలే లేదు, ఏడాది ఉంది. రేపు పొద్దుటి నుంచి మొదలు.

ఇవాళ ఒక్కటి చేసి చూస్తాను, ఊరికే. ఒక్కదానికి మైనం డబ్బా ఎవడు వెతుకుతాడు.

కీచుమంది.

వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. "ఎలుక మళ్ళీ వచ్చిందా ఓరిన్?"

"ఆఁ. వచ్చింది."

"తొందరేం లేదని చెప్పు దానికి."